కందుకూరి వీరేశలింగం (నాటకరంగం)

కందుకూరి వీరేశలింగం పంతులు (ఏప్రిల్ 16, 1848 - మే 27, 1919) సంఘసంస్కర్తగా సుప్రసిద్ధుడు. తెలుగు నాటకాన్ని పుస్తకం నుండి రంగస్థలం మీదికి తెచ్చినవారిలో ఆయన ప్రథముడు. ప్రహసనాన్ని సంస్కరణకు ఆయుధంగా మలచినవాడు కూడా ఆయనే.

ధవళేశ్వరంలో

వీరేశలింగం రాజమండ్రిలో పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించాడు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. కోరంగిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన తరువాత ధవళేశ్వరంలోని ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1874లో ఆ ఊరిలో బాలికల పాఠశాలను స్థాపించాడు. అదే సంవత్సరం అక్టోబరులో వివేకవర్ధని పత్రికను ప్రారంభించాడు. అధికారుల లంచగొండితనాన్ని, మూఢాచారాలను ఈ పత్రిక తీవ్రంగా ఖండించింది.

కొక్కొండతో వివాదం

స్త్రీవిద్య, వితంతు వివాహం విషయాలలో ఆయనకు ప్రధాన ప్రత్యర్థి కొక్కొండ వెంకటరత్నం పంతులు. ఈయన ఆంధ్రభాషా సంజీవని సంపాదకుడు, నరకాసుర విజయ వ్యాయోగాన్ని తెలిగించిన పండితుడు. కొక్కొండ హాస్యవర్ధని పేరుతోను, వీరేశలింగం హాస్యసంజీవని పేరుతోను హాస్య పత్రికలు నడిపి పరస్పరం విమర్శించుకున్నారు. ఒకరి పత్రిక పేరులోని మాటను మరొకరు తమ హాస్య పత్రికకు పెట్టుకోవడం గమనించదగినది.

ఈ కలహం వల్ల సాహిత్యానికి మేలే జరిగింది. ముసలివానికి పసిపిల్లనిచ్చి పెళ్ళిచేసే దురాచారాన్ని ఎగతాళి చేసే బ్రహ్మవివాహము ప్రహసనం 1876లో హాస్యసంజీవనిలో వెలువడింది. ఇది పెద్దయ్యగారి పెళ్ళి అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఇందులో పాత్రలు తమ తమ స్థాయికి తగిన వాడుకభాషలో మాట్లాడతాయి.

ప్రదర్శనలు

రాజమండ్రికి తిరిగివచ్చి తెలుగు పండితుడిగా పనిచేస్తున్న కాలంలో ధార్వాడ నాటక సమాజం వారు ఆ పట్టణంలో నాటకాలాడారు. వారు వెళ్ళిపోయాక, వారు వేసుకున్న పాకలోనే 1880లో వీరేశలింగం తన విద్యార్థులచేత తెలుగు నాటకాలు ఆడించాడు. వాటిలో హర్షుని రత్నావళికి తెలుగు సేత, చమత్కార రత్నావళి ముఖ్యమైనవి. రెండవది షేక్స్పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కు అనుసరణ. తరువాతి కాలంలో ఇదే నాటకం ఆధారంగా అమెరికాలో ది బాయ్స్ ఫ్రం సిరక్యూస్ అనే సంగీత నాటకం (1938), హాలీవుడ్ చిత్రం (1940) వచ్చాయి. న్యాయవాదుల అక్రమాలను బయటపెట్టిన వ్యవహార ధర్మబోధిని కూడా వీరేశలింగం తొలి నాటకాలలో ఒకటి.

రంగస్థలంపై చెప్పినదానిని ఆయన జీవితంలోను ఆచరించాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. అభిజ్ఞాన శాకుంతలాన్ని తెలిగించాడు. షెరిడన్ హాస్యనాటకాలకు అనుసరణలుగా రాగమంజరి, కల్యాణ కల్పవల్లి రచించాడు.

చివరి దశ

1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా చేరాడు. ఒకప్పటి ప్రత్యర్థి కొక్కొండ కూడా అంతకు ముందు ఆ కళాశాలలోనే తెలుగు బోధించడం విశేషం. వీరేశలింగం 1919లో మద్రాసులో మరణించాడు. ఆయన జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.