అమ్మ: ఎమీ కార్మైకేల్

విడవని నొప్పి మనిషి ఆశను చంపుతుందా? ఈ జీవితం చదివి మీరే ఆలోచించండి.

ఎమీ కార్మైకేల్ 1867లో ఐర్లండులో జన్మించారు. 1895లో క్రైస్తవ సేవకై భారతదేశం వచ్చారు. నేటి తమిళనాడులోని దోనావూరులో, గుడులకు అంకితం కాబోయే ఆడపిల్లలను చేరదీసి పెంచారు. వారికి ఆమె 'అమ్మ'.

1931లో ఆమె గోతిలో పడ్డారు. కాలు విరిగింది, వెన్ను దెబ్బతిన్నది. ఎన్ని ప్రార్థనలు చేసినా నొప్పి పోలేదు. ఆరోగ్యవంతులు రాసిన ఓదార్పు పుస్తకాలు ఆమెకు ఊరటనివ్వలేదు. అందుకే రోగిగా రోగులకు ఉత్తరాలు రాశారు. అవి 1933లో పుస్తకంగా వచ్చాయి. బాధపడిన క్రీస్తు తన బాధలో తోడున్నాడని ఆమె నమ్మారు. దాదాపు ఇరవై ఏళ్లు ఎక్కువగా గదిలోనే గడిపినా రచన మానలేదు.

1951లో మరణించారు. సమాధిరాయి వద్దన్నారు. అక్కడ పిల్లలు పక్షులకు నీటితొట్టి పెట్టి, 'అమ్మ' అని చెక్కించారు.

అభ్యాసం: రోగిని పలకరించడానికి వెళితే మీరేం మాట్లాడతారు? ఐదు వాక్యాలు రాయండి.