స్మెటానా మహాశయుడు - ప్రేగు జాతీయ నాటకశాల

పరభాషలో పాండిత్యము గడించి యింటిభాషలో జాబు వ్రాయ తడబడు విద్యావంతులకు బెడ్రిఖ్ స్మెటానా జీవితము తెలియదగినది. ఆయన 1824 మార్చి 2వ తేదీన బొహీమియాలోని లిటోమిష్ల్ పట్టణమున, బీరు కాచు వృత్తిగల యింట జన్మించెను. నాడు చెక్కుల దేశము ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. కచేరీలలోను పాఠశాలలలోను జర్మనుభాషదే పెత్తనము. స్మెటానాయు నా చదువే చదివెను. 1854 మొదలు 1856 వరకు ముగ్గురు కుమార్తెలను పోగొట్టుకొని, జీవనార్థము స్వీడను దేశపు గోటెన్‌బర్గునకు పోయెను. 1861లో స్వదేశము చేరెను. ముప్పదియైదేండ్లు దాటిన పిమ్మట తప్పులు దిద్దుకొనుచు మాతృభాషను వ్రాయ నలవరచుకొనెను.

1866లో ఆయన ప్రేగునందలి తాత్కాలిక నాటకశాలకు ప్రధాన సంగీత నిర్వాహకుడయ్యెను. ఆ మే నెలలో 'బేరమాడిన పెండ్లికూతురు' అను సంగీతనాటకము ప్రదర్శింపబడెను. యుద్ధభయముచే ప్రేక్షకులు పలుచబడిరి. ఆయన నిరాశ చెందక, పోల్కా, ఫ్యూరియంట్ మున్నగు పల్లెనృత్యములను చేర్చి, 1870 నాటికి దానిని సంస్కరించెను. పిదప నది జాతికంతకు ప్రీతిపాత్రమయ్యెను. అయినను స్వదేశీయులలోనే కొందరు, ఆయన జర్మను విద్వాంసుడగు వాగ్నరు ననుకరించుచున్నాడని నిందించిరి. ఈ నింద న్యాయము కాదని మా యభిప్రాయము. పరుల విద్యను గ్రహించుట దాస్యము కాదు. దానితో తన యింటి కథను చెప్పలేకపోవుటయే దాస్యము.

జాతీయ నాటకశాలకై 1851 నుండియే చందాలు వసూలగుచుండెను. 1868 మే 16వ తేదీన శంకుస్థాపన జరిగెను. నాటి రాత్రి స్మెటానా రచించిన 'డాలిబోర్' ఆడబడెను. ఆ భవనపు ప్రారంభోత్సవమునకని 1872లోనే 'లిబుషే'ను ముగించి, దాచియుంచెను. ఇంతలో 1874లో ఆయనకు రెండు చెవులును పూర్తిగా వినబడకపోయెను. నాటకశాల కొలువు వదలెను. కలము మాత్రము వదలలేదు. 'నా దేశము' అను ఆరు వాద్యకృతుల మాలను 1879 నాటికి ముగించెను. వానిలో ఒక్క స్వరమైనను ఆయన చెవి సోకలేదు!

1881 జూన్ 11వ తేదీన 'లిబుషే'తో నాటకశాల తెరువబడెను. రెండు మాసములకే, ఆగస్టు 12వ తేదీన, అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. చెక్కులు విలపించుచు కూర్చుండలేదు. నలువదియేడు దినములలో పదిలక్షల గిల్డరులు ప్రోగుచేసిరి. 1883 నవంబరు 18వ తేదీన మరల తలుపులు తెరువగా, మరల 'లిబుషే'యే యాడబడెను.

మతి చలించిన స్మెటానా 1884 మే 12వ తేదీన ప్రేగు చికిత్సాలయమున కన్నుమూసెను. 1918లో ఆయన దేశము స్వతంత్రమయ్యెను. ఆ నాటకశాలలో నేటికిని సంగీతనాటకములు, బాలే నృత్యరూపకములు ప్రదర్శింపబడుచున్నవి. ప్రేగు వసంత సంగీతోత్సవము ఆయన వర్ధంతినాడు 'నా దేశము'తో ఆరంభమగుట సంప్రదాయము. ప్రభువుల కటాక్షమునకై వేచియుండక, కళకు తామే గూడు కట్టుకొన్న ప్రజల కథ యిది. కలిగినవారు దీనిని శ్రద్ధతో మననము చేయుదురు గాక!