చుక్కల నవాబు

మొన్న కరెంటు పోతే మా నస్రుల్లాబాద్ డాబా మీద పిల్లలకు గొల్లకావడి చుక్కల కిందున్న మసక మరకను చూపించాను. అది నీహారికంటే నమ్మరే! అప్పుడు నవాబ్ జఫర్ జంగ్ కథ చెప్పాను.

హైదరాబాద్ ఫిసల్‌బండలో, సొంత ఎస్టేట్‌లోనే 1901లో వేధశాల పెట్టుకున్నాడాయన. 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. ఆకాశాన్ని ఫోటో తీసేందుకు 8 అంగుళాల కుక్ దూరదర్శినీ కొన్నాడు. కంటికి ఆనని వెలుగు కూడా గాజుపలక మీద కొంచెం కొంచెంగా పోగవుతుంది, చినుకులతో కుండ నిండినట్టు.

కానీ ఆయుష్షు ఆగలేదు. 1907లో పోయాడు. 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను తీసుకుంది. తర్వాత బేగంపేటలో ఆ కుక్ దూరదర్శినితోనే ప్రపంచ ఆకాశపటానికి లక్షల నక్షత్రాలు ఫోటోలకెక్కాయి. ఆయన ఒక్కటీ చూడలేదు.

మా చిన్నది మాత్రం ఆ మసక మరకను చాలాసేపు చూసింది.