రంగుల్ని విడదీసిన త్స్వెత్

మిఖాయిల్ త్స్వెత్ 1872 మే 14న ఇటలీలోని ఆస్తి అనే ఊరిలో జన్మించారు. ఊరి పేరు ఆస్తే గానీ ఆయనకు జీవితాంతం నిలకడైన చోటంటూ దొరకలేదు. తల్లి ఇటలీ స్త్రీ, ఆయన పుట్టిన కొద్దికాలానికే మరణించారు. రష్యన్ అయిన తండ్రి ఆయనను స్విట్జర్లాండులో చదివించారు.

1896లో జెనీవాలో డాక్టరేట్ తీసుకుని రష్యా వెళ్తే, ఆ పట్టా ఇక్కడ చెల్లదన్నారు. డాక్టరేట్ ఉన్న మనిషి మళ్లీ మాస్టర్ డిగ్రీకి కూర్చున్నారు! 1901లో కజాన్‌లో అది పూర్తిచేసి వార్సా చేరారు. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు ఆయన మనవాడే అనిపించారు.

ఆయన ప్రయోగానికి ఖరీదైన యంత్రమేదీ లేదు. సన్నని గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకుపసరు ద్రావణం పోశారు. సుద్దకు గట్టిగా అంటుకునే రంగు పైనే ఆగింది, అంటనిది కిందికి జారింది. ఆకుపచ్చ, పసుపు పట్టీలు వేరువేరుగా కనిపించాయి. 1906లో దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. రష్యన్ భాషలో త్స్వెత్ అంటే రంగు అనే అర్థం.

పెద్దలు నమ్మలేదు. సుద్ద తగిలితే పత్రహరితం చెడిపోతుందని విల్‌స్టాటర్ వంటివారు శంకించారు. 1915లో పత్రహరితం మీద పరిశోధనకే విల్‌స్టాటర్‌కు నోబెల్ వచ్చింది. అదే ఏడు యుద్ధం వల్ల త్స్వెత్ వార్సా వదిలిపోయారు. ఊళ్లు మారుతూ 1919 జూన్ 26న వొరొనెజ్‌లో 47వ ఏట కన్నుమూశారు. 1931లో హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఆ పద్ధతిని మళ్లీ బయటికి తీశారు.

1959లో స్వీడన్‌లో పోరాత్, ఫ్లోడిన్ సుద్దకు బదులు రంధ్రాలున్న జెల్ పూసలు వాడారు. పూసల్లో దూరలేని పెద్ద అణువు ముందే వస్తుంది, ప్రతి రంధ్రంలో దూరే చిన్న అణువు చివర వస్తుంది. అందుకే మా ల్యాబులో ముందు బ్లూ డెక్స్‌ట్రాన్ పంపి పూసల మధ్య ఉన్న ద్రవం ఎంతో కొలుస్తాం. తర్వాత ఎసిటోన్ పంపి మొత్తం ద్రవం కొలుస్తాం. రెండింటి తేడాయే రంధ్రాలలోని ద్రవం. చిన్న అణువు కదా అని ఏదో ఒకటి పంపితే కుదరదు. అది జెల్‌కు అంటుకుంటే ఆలస్యంగా వచ్చి కొలత ఎక్కువ చూపిస్తుంది. త్స్వెత్‌కు రంగుల్ని విడదీసి ఇచ్చిన ఆ అంటుకునే గుణమే ఇక్కడ లెక్క తప్పిస్తుంది. అందుకే అనుమానం వస్తే ఎసిటోన్‌తో పాటు ఇంకో చిన్న అణువును కూడా పంపి, రెండు కొలతలూ కలుస్తున్నాయో లేదో చూస్తాం.