పీట్ స్నెల్

అమెరికాలోని కాలిఫోర్నియాలో పీట్ అను ముద్దుపేరుగల విలియం స్నెల్ వినోదార్థమై కార్ల పందెములందు పాల్గొనుచుండెను. 1956లో పందెమున ప్రమాదము సంభవింపగా, హెల్మెట్టు ధరించియున్నను, తలకు తగిలిన గాయములచే మృతినొందెను.

మిత్రులు దుఃఖించి యూరకుండలేదు. తోడి పందెగాండ్రును, వైద్యుడగు జార్జి స్నైవ్లీయును కూడి 1957లో ఆతని పేర నొక సంస్థను నెలకొల్పిరి. హెల్మెట్టుపై బలమైన దెబ్బ తగిలించి, లోనుంచిన కృత్రిమశిరస్సున కెంత అదటు సోకునో పరీక్షించు ప్రమాణమును 1959లో మొదట వెలువరించిరి. పైడిప్ప పగులకుండుట చాలదు. లోపలి పొర నలిగి దెబ్బను తానే భరింపవలెను.

తిరుమల కనుమదారిని హెల్మెట్టు చేతికి తగిలించుకొని పోవువారిని చూచినపుడు మాకు స్నెల్ జ్ఞప్తికి వచ్చును. ఆతని హెల్మెట్టు ఆతనిని కాపాడలేదు. ఆతని మృతివలన పుట్టిన పరీక్ష అనేకులను కాపాడినది. విద్యార్థులారా, పరీక్షకు నిలిచినదానినే తలపై ధరింపుడు.