పుదీనా రెమ్మతో ప్రకృతి రహస్యం - జోసెఫ్ ప్రీస్ట్లీ జీవితం

కోటానుకోట్ల ప్రాణులు అనుక్షణం ఊపిరి పీలుస్తున్నా, ఎన్నో పొయ్యిలు నిత్యం మండుతున్నా గాలిలోని ప్రాణవాయువు హరించుకుపోకుండా ఎలా నిలిచి ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానం దిశగా మొదట దారి చూపిన మహనీయుడు జోసెఫ్ ప్రీస్ట్లీ.

ఆయన 1733 మార్చి 13వ తేదీన ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, లీడ్స్ నగర సమీపాన జన్మించాడు. బాల్యంలోనే తల్లి గతించగా మేనత్త పెంచి పెద్దచేసింది. ఆ కుటుంబం రాజ్యమతమైన ఇంగ్లండు చర్చిలో చేరని అల్పసంఖ్యాక క్రైస్తవ వర్గానికి చెందినది. అట్టివారికి ఆనాడు ఆక్స్‌ఫర్డులో ప్రవేశం గాని, కేంబ్రిడ్జిలో పట్టం గాని లభించేవి కావు. అందుచేత ఆయన తన వర్గంవారు నెలకొల్పుకొన్న డావెంట్రీ విద్యాలయంలో చదివి, పిమ్మట అటువంటిదే అయిన వారింగ్టన్ విద్యాలయంలో అధ్యాపకుడైనాడు. నత్తి ఉన్నప్పటికీ మతబోధకుడుగా జీవించాడు.

లీడ్స్‌లో ఆయన ఇంటి ప్రక్కన బీరు తయారుచేసే శాల ఉండేది. అక్కడి తొట్లపై తేలే బొగ్గుపులుసు వాయువు ఆయనను వాయువుల పరిశీలనకు పురికొల్పింది. 1771 ఆగస్టు 17న, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మను ఉంచాడు. పది దినాల అనంతరం అదే గాలిలో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. చెడిన గాలిని మొక్క బాగుచేస్తుందని ఆ విధంగా తేలింది. రాయల్ సొసైటీ ఆయనను కాప్లీ పతకంతో సత్కరించింది. 1774 ఆగస్టు 1న ఎర్రని పాదరస భస్మాన్ని భూతద్దంతో వేడిచేసి ప్రాణవాయువును వేరుచేశాడు. అయితే పాతదైన ఫ్లోజిస్టన్ సిద్ధాంతాన్ని విడువలేక, తాను కనుగొన్నదాని నిజస్వరూపాన్ని చివరిదాకా గ్రహించలేకపోయాడు. ఈ కార్యానికి సూర్యరశ్మి, ఆకుపచ్చని భాగాలు అవసరమని 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు.

ఈనాడు ఆ రహస్యం కణంలోనే మనకు గోచరిస్తున్నది. ఆకులలోని హరితరేణువులు సూర్యకాంతితో నీటిని విడగొట్టి ప్రాణవాయువును వెలువరిస్తాయి. బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర కణద్రవంలో తొలుత విచ్ఛిన్నమై, మైటోకాండ్రియాలో ప్రాణవాయువు సహాయంతో పూర్తిగా దహింపబడి ఏ.టి.పి. రూపంలో శక్తినిస్తుంది. మొక్క కణాలలో ఈ రెండు అంగాలూ ఉన్నాయి. ఒకటి విసర్జించినది మరొకదానికి ఆహారం.

ఫ్రెంచి విప్లవాన్ని, మతస్వేచ్ఛను సమర్థించినందుకు 1791 జూలైలో బర్మింగ్‌హామ్‌లో అల్లరిమూకలు ఆయన ప్రార్థనామందిరాన్ని, ఇంటిని తగులబెట్టాయి. గ్రంథాలయం, ప్రయోగశాల, ఎన్నో ఏండ్ల వ్రాతప్రతులు నాశనమైనాయి. ఆయన ప్రాణాలతో బయటపడి, 1794లో అమెరికా చేరి, పెన్సిల్వేనియాలోని నార్తంబర్లాండులో మరల ప్రయోగశాల నిర్మించుకొన్నాడు. 1804 ఫిబ్రవరి 6న అక్కడే కన్నుమూశాడు.

చదువుల తలుపులు మూసినవారి మీద ఆయన ద్వేషం పెంచుకోలేదు; తనవారు కట్టుకొన్న చిన్న విద్యాలయం నుండే లోకానికంతటికీ వెలుగునిచ్చాడు. మన కళాశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని క్రింద ఆకును చూచే ప్రతి విద్యార్థికీ ఆయన జీవితం స్మరణీయం.