పురిటిగది తలుపు తెరచిన డాక్టరు అచ్చమాంబ

కొమర్రాజు వారి వంశంలో అచ్చమాంబ అన్న నామం రెండు తరాల కీర్తి నార్జించినది. మొదటి వారు లక్ష్మణరావుగారి సోదరి భండారు అచ్చమాంబ. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన ఆ విదుషి కన్న బిడ్డలను పసితనంలోనే పోగొట్టుకొని, ఆ దుఃఖాన్ని దిగమ్రింగి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించి, 1905లో కాలధర్మం చెందారు. మరుసటి యేడు గుంటూరులో లక్ష్మణరావుగారికి కలిగిన కుమార్తెకు ఆ పేరే నిలిచినది. ఆ బాలికయే డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ.

ఆమె యౌవనారంభంలోనే, 1923లో, తండ్రి మరణించారు. అయినా విద్య ఆగలేదు. మద్రాసులో వైద్యశాస్త్ర మభ్యసించి, అనంతరం బెజవాడలో స్త్రీల వైద్యురాలిగా స్థిరపడ్డారు.

నాటి డెల్టా గ్రామాలలో పురుడు సాధారణంగా మంత్రసాని చేతిమీదుగా ఇంటిలోనే జరిగేది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన బాలింత కొన్ని నెలలకు అత్తవారింటికి మరలేది. తిరిగి గర్భం ఎప్పుడన్న విషయం ఆమె ఇష్టానిష్టాలపై ఆధారపడినది కాదు. భర్త సమ్మతి, అత్తగారి మాట, మగబిడ్డపై ఆశ, మందు వాడిన పాలు తగ్గునన్న భయం, ఇవే నిర్ణేతలు. బిడ్డకు పాలిచ్చుచుండగా గర్భం రాదన్న నమ్మకం మరొకటి. కేవలం తల్లిపాలే ఇచ్చుచు, ముట్టు తిరిగి రాని తొలి ఆరు మాసాలలోనే ఆ రక్షణ గట్టిది. ఆ పైన ముట్టు కనబడక మునుపే గర్భం నిలువవచ్చును. ఈ సంగతి మగ వైద్యుని అడుగుటకు బాలింతకు సిగ్గు. చెప్పుటకు ఇంటి పెద్దలకు తెలియదు.

ఇట్టి చోట స్త్రీయే వైద్యురాలై, తల్లిభాషలో మాటాడుట చిన్న విషయం కాదు. అచ్చమాంబ 'ప్రసూతి - శిశు పోషణ' అన్న గ్రంథాన్ని తెలుగులో రచించారు. కమ్యూనిస్టు ఉద్యమంలో ఉన్న కాలంలో మహిళా కార్యకర్తలకు వైద్యసహాయంలో తర్ఫీదు నిచ్చారు. తరువాత ఆ పక్షం వీడి కాంగ్రెసులో చేరి, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైనారు. 1952లో ప్రారంభమైన కుటుంబ నియంత్రణ కార్యక్రమం దేశంలో విస్తరిస్తున్న రోజులవి. 1964లో ఆమె దివంగతులైనారు.

నేడు కాన్పులు ఆసుపత్రులకు మారినవి. ప్రసవమైన వెంటనే అమర్చదగిన కాపర్-టి మొదలైన సాధనాలు వచ్చినవి. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం శస్త్రచికిత్సనే ఆశ్రయించారు. కాన్పుల నడుమ ఎడముంచే సాధనాలు వాడేవారు అత్యల్పం. అనగా ఇక చాలునన్న నిర్ణయం ఇండ్లలో సులభమైనది. కొంతకాలం ఆగుదమన్న నిర్ణయం మాత్రం ఇంకను బాలింత చేతికి రాలేదు. కాన్పునకు, మరుగర్భానికి రెండేండ్లయినను వ్యవధి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సాధనం చేతి కందినంత మాత్రాన చాలదు. దానిని గూర్చి తల్లితో నెమ్మదిగా మాటాడే మనిషి కావలెను. అచ్చమాంబ వైద్యజీవితం నేర్పే పాఠం అదే.